25 కె6 అంటే 25 కాదు: మెషీన్ డ్రాయింగ్ చదవడం, చేత్తో గీయడం, క్యాడ్‌లోకి దించడం

షాఫ్ట్ డ్రాయింగ్ మీద "డయా 25 కె6" అని ఉంటుంది. టర్నర్ ఒళ్లు దగ్గర పెట్టుకుని తిప్పుతాడు. మైక్రోమీటర్ పెడితే అచ్చంగా 25.000 చూపిస్తుంది. ఇన్‌స్పెక్షన్‌లో జాబు రిజెక్ట్. 25 సైజుకు కె6 అంటే +0.002 నుంచి +0.015 మిల్లీమీటర్ల దాకా. జాబు 25.002కి తగ్గకూడదు, 25.015 దాటకూడదు. అచ్చంగా 25 వచ్చిన షాఫ్ట్ రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తక్కువ ఉన్నట్టు. డ్రాయింగ్‌లో 25 అన్నది ఆ సైజుకు పెట్టిన పేరు మాత్రమే. అసలు కొలత పక్కనున్న చిన్న అక్షరంలో ఉంది.

షెడ్డులో జాబు చెడితే ముందు మెషీన్‌ని అంటారు, తర్వాత ఆపరేటర్‌ని అంటారు. డ్రాయింగ్ సరిగ్గా చదివామా అన్న ప్రశ్న చివర్న వస్తుంది, అదీ వస్తే. అందుకే ఈ పోస్టు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కుషాయిగూడ వైపు మెషీన్ షాపుల్లో చేరబోయే కుర్రాళ్ల కోసం, ఇప్పటికే లేత్ మీద ఉండి డ్రాయింగ్ అంటే బెరుకు పడేవాళ్ల కోసం.

అమీర్‌పేటలో క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీయడం) నేర్పే బోర్డులు సందు సందుకీ కనిపిస్తాయి. అక్కడ కమాండ్లు వస్తాయి, దాన్ని తప్పు పట్టలేం. కానీ గీత గీయడం వచ్చినవాడికి ఆ గీత అక్కడ ఎందుకుండాలో తెలియకపోతే, తప్పు డ్రాయింగ్‌ను అందంగా గీస్తాడు. మా మాటైతే వరుస ఇదీ: ముందు చదవడం, తర్వాత పెన్సిల్, ఆఖర్న క్యాడ్. ఐటీఐలో టర్నర్, మెషినిస్ట్, ఫిట్టర్, డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ రెండేళ్ల ట్రేడ్‌లు. బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, దాన్ని సీఐటీడీ అంటే చాలు ఆటోవాడు దింపుతాడు. ఎక్కడ చేరినా, చేరకపోయినా, చేతిలో ఒక జాబు పెట్టుకుని నేర్చుకుంటేనే ఇది ఒంటబడుతుంది.

కాబట్టి ఇక్కడ ఒకే జాబు పట్టుకుందాం. ఈఎన్8 అనే స్టీలుతో మెట్లున్న షాఫ్ట్. ఎడమ నుంచి: డయా 25 కె6, పొడవు 15. తర్వాత డయా 32 బాడీ, పొడవు 70. మళ్లీ డయా 25 కె6, పొడవు 18. తర్వాత డయా 20 హెచ్6, పొడవు 40, దాని మీద 6 వెడల్పు కీవే (కీ కూర్చునే గాడి). చివర ఎం16×1.5 థ్రెడ్, పొడవు 20. మొత్తం 163. రెండు 25ల మీద 6205 బేరింగులు కూర్చుంటాయి, 20 మీద పుల్లీ, థ్రెడ్ మీద నట్టు. కాగితం మీద ఇది అయిదు మెట్ల గీతే. అందులో ఎన్ని పేచీలున్నాయో చూద్దాం.

బొమ్మ కంటే ముందు మూల చూడాలి

చాలామంది డ్రాయింగ్ చేతికి రాగానే బొమ్మ మీద పడతారు. ముందు చూడాల్సింది కింద కుడి మూలలో ఉండే టైటిల్ బ్లాక్. మెటీరియల్, క్వాంటిటీ, యూనిట్లు, ప్రొజెక్షన్ గుర్తు, జనరల్ టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా), రివిజన్ అక్షరం. వీటిలో రివిజన్ చూడకుండా మొదలుపెట్టడం అన్నిటికంటే ఖరీదైన బద్ధకం. రివిజన్ "బి"లో కీవే జరిపి ఉంటారు, మన చేతిలో "ఎ" ఉంటుంది. జాబు కొలతకు కొలత సరిపోతుంది, పనికి మాత్రం రాదు.

స్కేల్ దగ్గర ఒక హెచ్చరిక. ఇప్పుడు డ్రాయింగులు వాట్సాప్‌లో వస్తున్నాయి. ఎ3 షీటును జిరాక్స్ షాపువాడు ఎ4 మీద "ఫిట్ టు పేజ్" కొట్టి ఇస్తాడు, ప్రతి గీతా 0.707 వంతుకు కుదించుకుపోతుంది. కాగితం మీద స్కేలు పెట్టి కొలిచి జాబు చేయకూడదు. రాసిన అంకెనే నమ్మాలి. అంకె లేకపోతే అడగాలి. అంకె కింద అడ్డగీత ఉంటే ఆ కొలత బొమ్మకు అనుపాతంలో లేదని డ్రాఫ్ట్స్‌మనే ఒప్పుకున్నట్టు. బ్రాకెట్లలో ఉన్న అంకె తెలుసుకోవడానికే, దాన్ని పట్టి ఇన్‌స్పెక్షన్ చేయరు.

(బ్లూప్రింట్ అన్న మాట ఇంకా వాడుతున్నాం గానీ నీలం కాగితం చూసినవాళ్లు తక్కువ. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ పద్ధతి అది, నీలం మీద తెల్ల గీతలు పడేవి. తర్వాత అమోనియా ప్రింట్లు వచ్చాయి, ఆ ఘాటు తెలిసిన పాతకాపులు డ్రాయింగ్ ఆఫీసుల్లో ఇంకా ఉన్నారు. కాగితం తెల్లబడ్డా పేరు నీలంగానే మిగిలింది.)

టాలరెన్స్ రాయని కొలతలకు టైటిల్ బ్లాక్‌లో సాధారణంగా "ఐఎస్‌ఓ 2768-ఎం" అని ఉంటుంది. దాని ప్రకారం 6 దాటి 30 వరకు ±0.2, 30 దాటి 120 వరకు ±0.3, 120 దాటి 400 వరకు ±0.5. "ఎం" బదులు "ఎఫ్" ఉంటే అవే పొడవులకు ±0.1, ±0.15, ±0.2. ఈ ఆరు అంకెలు నోటికి వచ్చి ఉండాలి, టేబుల్ వెతుక్కునే పని తప్పుతుంది.

ఇప్పుడు మన షాఫ్ట్ మీద లెక్క వేయండి. అయిదు మెట్లకూ ఒకదాని పక్కన ఒకటి పొడవులు ఇచ్చారు అనుకుందాం: 15, 70, 18, 40, 20. వరుసగా ±0.2, ±0.3, ±0.2, ±0.3, ±0.2. అన్నీ ఒకే వైపు జరిగితే మొత్తం 1.2 తేడా. అదే మొత్తం పొడవు 163కి ±0.5 మాత్రమే. అయిదింటినీ ఇచ్చి 163 కూడా ఇస్తే డ్రాయింగ్ తనతో తానే గొడవ పడుతున్నట్టు. ఒక కొలత తీసేయాలి, లేదా బ్రాకెట్లో పెట్టాలి. ఏది తీయాలి? పనికి అక్కర్లేనిది. ఇక్కడ థ్రెడ్ పొడవు 20 కాస్త అటూ ఇటూ అయినా నట్టుకు పట్టింపు లేదు, అందుకని అది బ్రాకెట్లోకి పోవాలి. రెండు బేరింగుల మధ్య దూరం 70 మాత్రం హౌసింగ్‌తో లెక్క కుదరాలి, దానికి విడిగా టాలరెన్స్ రాయాలి, +0 / −0.1 లాగ. కొలతలన్నీ ఎక్కడి నుంచి మొదలవుతున్నాయో చూస్తే డిజైనర్ మనసులో ఏముందో తెలుస్తుంది.

ఏ వైపు నుంచి చూస్తున్నాం

మన దేశంలో ఫస్ట్ యాంగిల్. పై నుంచి చూసిన వ్యూ ఫ్రంట్ వ్యూకి కింద ఉంటుంది, ఎడమ వైపు నుంచి చూసినది కుడి పక్కన ఉంటుంది. అమెరికా డ్రాయింగ్‌లో థర్డ్ యాంగిల్: పైది పైనే, ఎడమది ఎడమనే. టైటిల్ బ్లాక్‌లో కోసిన శంకువు, దాని పక్కన రెండు వృత్తాలు గీసిన గుర్తు ఉంటుంది. ఫస్ట్ యాంగిల్ గుర్తులో శంకువు ఎడమన, వృత్తాలు కుడిన. థర్డ్‌లో వృత్తాలు ఎడమన.

షాఫ్ట్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి తప్పు చదివినా బయటపడదు, అదే దీంతో ప్రమాదం. అలవాటైపోతుంది. తర్వాత ఒక పక్కకు హోల్ ఉన్న ఎల్ బ్రాకెట్ వస్తుంది, అప్పుడు కుడి చేతి బ్రాకెట్ బదులు ఎడమ చేతిది తయారవుతుంది. అన్ని కొలతలూ టాలరెన్స్‌లో ఉంటాయి, బిగించడానికి మాత్రం రాదు. ఆదిభట్ల వైపు ఏరోస్పేస్ పనులు చేసే షాపులకు అమెరికా డ్రాయింగులు వస్తే ఇంకో చిక్కు కూడా ఉంటుంది: కొలతలు అంగుళాల్లో. అందులో 1.50 వేరు, 1.500 వేరు. పాయింట్ తర్వాత ఎన్ని అంకెలున్నాయో దాన్ని బట్టి టైటిల్ బ్లాక్‌లో టాలరెన్స్ మారుతుంది. చివరి సున్నా ఊరికే పెట్టింది కాదు.

గీతల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మందపు గీత కనిపించే అంచు, చిన్న చిన్న ముక్కల గీత కనిపించని అంచు, పొడుగు-పొట్టి ముక్కల సన్నగీత సెంటర్ లైన్. బయటి థ్రెడ్‌లో బయట మందపు గీత, లోపల సన్నగీత, చివరి నుంచి చూస్తే ఆ సన్నగీత ముప్పావు వృత్తం. లోపలి థ్రెడ్‌లో ఇది తిరగబడుతుంది. ఒక్క సంగతి కొత్తవాళ్లను తికమక పెడుతుంది: సెక్షన్ వ్యూలో షాఫ్టు, బోల్టు, కీ, రిబ్బులను పొడవునా కోసినట్టు గీయరు, హ్యాచింగ్ (కోసిన చోట వేసే ఏటవాలు గీతలు) వేయరు. హ్యాచింగ్ లేదు కదా అని షాఫ్టును ఖాళీ గొట్టం అనుకోకూడదు.

చిన్న అక్షరంలో ఉన్న పని

టాలరెన్స్ అక్షరాల్లో పెద్దక్షరం హోల్‌కు, చిన్నక్షరం షాఫ్ట్‌కు. పుల్లీ బోర్ 20 పెద్ద హెచ్7 అంటే 0 నుంచి +0.021. షాఫ్ట్ 20 చిన్న హెచ్6 అంటే 0 నుంచి −0.013. రెండూ కలిస్తే వదులు కనీసం 0, గరిష్ఠం 0.034. పుల్లీ చేత్తో ఎక్కుతుంది, అవసరమైతే చేత్తోనే దిగుతుంది. తిరిగే బలాన్ని కీ మోస్తుంది.

6205 బేరింగ్ లోపలి బోర్ 25, దాని టాలరెన్స్ 0 నుంచి −0.010. షాఫ్ట్ +0.002 నుంచి +0.015. అంటే బిగుతు 0.002 నుంచి 0.025 వరకు. షాఫ్ట్ అచ్చంగా 25.000 ఉండి, బేరింగ్ కూడా 25.000 ఉంటే బిగుతు సున్నా. కొన్నాళ్లకు లోపలి రింగు షాఫ్ట్ మీద జారి తిరగడం మొదలుపెడుతుంది, సీటు అరిగిపోతుంది. ఆ రెండు మైక్రాన్లు ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమవుతుంది.

కొలవడం దగ్గర రెండు బోనులు ఉన్నాయి. మొదటిది: 25.010ని 0–25 మైక్రోమీటర్‌తో కొలవలేం. దాని హద్దు 25 దగ్గరే అయిపోతుంది. 25–50 కావాలి, దాన్ని 25 సెట్టింగ్ రాడ్ మీద సున్నా చూసుకున్నాకే వాడాలి. 0.01 గీతల మైక్రోమీటర్‌తో 13 మైక్రాన్ల పట్టీలో పని అంటే దాదాపు ఒకటింపావు గీతల మధ్య నడక, వెర్నియర్ స్కేల్ ఉన్న మైక్రోమీటరో డిజిటలో ఉంటే నయం. 0.02 లీస్ట్ కౌంట్ వెర్నియర్ క్యాలిపర్‌ను ఇక్కడ తాకనే కూడదు.

రెండోది వేడి. స్టీలు ఒక మీటరుకు ఒక డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. మైక్రోమీటర్ 35 డిగ్రీల్లో ఉండి, కటింగ్ నుంచి అప్పుడే దిగిన జాబు 60లో ఉంటే 25 డయా మీద తేడా సుమారు 7 మైక్రాన్లు. వేడి మీద 25.006 చూసి చప్పట్లు కొడితే, చల్లారాక అది 24.999. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఇది రోజూ జరిగే సంగతే. జాబునీ గేజ్‌నీ ఒకే టేబుల్ మీద అరగంట పెట్టి, రెండూ ఒకే వేడికి వచ్చాక కొలవాలి. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, మన షెడ్డులో అది డిసెంబరు తెల్లవారుజామున దొరుకుతుందేమో.

ఇక మూల. 25 మెట్టు 32 మెట్టును కలిసే చోట లోపలి రేడియస్. 6205కి కార్నర్ 1.0, కాబట్టి షాఫ్ట్ మీద రేడియస్ అంతకు మించకూడదు. సీఎన్‌ఎంజీ 120408 ఇన్సర్ట్ (టూలుకు బిగించే కటింగ్ ముక్క) చివరి రెండంకెలు 08 అంటే ముక్కు రేడియస్ 0.8, ఆ మూలలో ఆర్0.8 మిగులుతుంది, బేరింగ్ చక్కగా ఆనుతుంది. మెషీన్ మీద ఇంతకు ముందు జాబు నుంచి 120412 ఉండిపోతే ఆర్1.2 మిగులుతుంది. బేరింగ్ భుజానికి ఆనకుండా రేడియస్ మీద ఎక్కి కూర్చుంటుంది, సుత్తితో కొట్టినా కదలదు. కొట్టకూడదు కూడా. సీటు గ్రైండింగ్ చేయాలంటే గ్రైండింగ్ చక్రం మూలలోకి దూరదు, అందుకని మూలలో 2–3 వెడల్పు, 0.2–0.3 లోతు గాడి, అంటే అండర్‌కట్ ఇవ్వాలి. టర్నింగ్‌లో డయా మీద 0.2–0.3 ఉంచాలి.

సర్ఫేస్ ఫినిష్ పాత డ్రాయింగుల్లో త్రికోణాలు: రెండు త్రికోణాలు అంటే 1.6 నుంచి 8 మైక్రాన్లు, మూడు అంటే 0.025 నుంచి 1.6. తర్వాత ఎన్ గ్రేడ్‌లు వచ్చాయి: ఎన్8 అంటే 3.2, ఎన్7 అంటే 1.6, ఎన్6 అంటే 0.8. బేరింగ్ సీటుకు ఎన్6 అడిగితే టర్నింగ్‌లో ఫీడ్ చూసుకోవాలి. ఫీడ్ వర్గాన్ని ముక్కు రేడియస్‌కు 32 రెట్లతో భాగిస్తే లెక్క ప్రకారం వచ్చే ఆర్ఎ, అంటే సగటు గరుకు. 0.8 ముక్కుతో ఫీడ్ 0.2 ఇస్తే సుమారు 1.6 మైక్రాన్లు, 0.1 ఇస్తే 0.4. నిజంలో దీనికంటే గరుకుగానే వస్తుంది, కాబట్టి 0.8 కావాలంటే 0.1కి దిగాల్సిందే.

కీవే లోతు డ్రాయింగ్‌లో పైనుంచి 3.5 అని రాస్తే అది కొలవడానికి పనికిరాని కొలత. పైభాగాన్ని కోసేశాక ఆ "పై" ఎక్కడుంది? అందుకే ఎదుటి వైపు నుంచి 16.5 అని ఇస్తారు, 20 లోంచి 3.5 పోగా. మైక్రోమీటర్ పెట్టి కొలుచుకోవచ్చు. వెడల్పు 6 ఎన్9 అంటే 0 నుంచి −0.030. ఆరు ఎండ్ మిల్‌తో ఒకే దెబ్బకు కొడితే కట్టర్ ఊగి 6.03, 6.05 అవుతుంది. 5 కట్టర్‌తో మధ్యలో తీసి, రెండు పక్కలూ విడివిడిగా ఫినిష్ చేయాలి. కీవే పొడవు 28 అని ఉంటే అది మొత్తమా, గుండ్రపు చివరల సెంటర్ల మధ్యా అని చూసుకోండి. మొత్తమైతే సెంటర్ల మధ్య 22.

జామెట్రిక్ టాలరెన్స్ డబ్బాలు చూసి భయపడతారు గానీ ఈ షాఫ్ట్‌కు ఒక్కటి చాలు: రెండు 25ల ఉమ్మడి అక్షం డేటమ్ (కొలతకు ఆధారం), దాంతో పోలిస్తే 20 డయాకు రనౌట్ (తిప్పినప్పుడు వచ్చే ఊపు) 0.02. డయా సరిగ్గా ఉండి కూడా అడ్డంగా తిరిగే షాఫ్ట్ ఉంటుంది, ఆ తప్పును డయా కొలత పట్టుకోలేదు. డయల్ పెట్టి తిప్పితేనే తెలుస్తుంది. హోల్స్ ఉన్న ప్లేటులో పొజిషన్ టాలరెన్స్ వస్తుంది. ±0.1 చదరంలో మూలకు మూలకు దూరం 0.283. అదే 0.28 డయా వృత్తంగా పొజిషన్ ఇస్తే, దగ్గర దగ్గర సగానికి పైగా ఎక్కువ చోటు దొరుకుతుంది, బోల్టు ఎక్కడంలో తేడా ఉండదు. అంటే ఆ డబ్బా మెషినిస్ట్‌కు శత్రువు కాదు, చోటు ఇచ్చేదే.

పెన్సిల్

క్యాడ్ ఉండగా చేత్తో గీయడం ఎందుకని అడుగుతారు. అడిగేవాళ్లు విరిగిన షాఫ్ట్ ముందు ఎప్పుడూ నిలబడి ఉండరు. కస్టమర్ ఫ్యాక్టరీలో మెషీన్ ఆగి ఉంటుంది, ల్యాప్‌టాప్ ఆఫీసులో ఉంటుంది, చేతికి నూనె ఉంటుంది. అక్కడ అయిదు మిల్లీమీటర్ల గడుల కాగితం, 2హెచ్ ఒకటి, హెచ్‌బీ ఒకటి.

ముందు సెంటర్ లైన్. ఏ గుండ్రటి జాబుకైనా మొదటి గీత అదే. తర్వాత 2హెచ్‌తో తేలిగ్గా మెట్లు. ఒక గడి 5 కాబట్టి 163 పొడవుకు 33 గడులు పోతాయి, ఎ4 అడ్డంగా పెడితే సరిపోతుంది. స్కేలు వాడొద్దు: చుక్క నుంచి చుక్కకు, కన్ను ఆఖరి చుక్క మీద పెట్టి, మోచేయి కదిలిస్తూ గీయాలి. మణికట్టు తిప్పితే గీత వంకర పోతుంది. వృత్తానికి ముందు చతురస్రం, దాని మూలగీతలు, వాటి మీద మూడింట రెండు వంతుల దగ్గర కొంచెం బయటికి చుక్కలు, అన్నీ కలుపుతూ గుండ్రం. ఐసోమెట్రిక్‌లో అయితే 30 డిగ్రీల గీతలు రెండు, నిలువు ఒకటి, చతురస్రం బదులు వంగిన డైమండ్, లోపల కోడిగుడ్డు ఆకారం. మొత్తం తేలిగ్గా వచ్చాకే హెచ్‌బీతో అంచులు దిట్టం చేయాలి. రోజుకో చిన్న వస్తువు, పది నిమిషాలు: వి-బ్లాక్, కప్లింగ్ ముక్క, ప్లమ్మర్ బ్లాక్. రాణిగంజ్‌లో పాత ఇనుము కొట్ల ముందు ఇలాంటివి కుప్పలుగా పడి ఉంటాయి.

అరిగిన జాబు కొలిచేటప్పుడు కొలతను కొలతగా రాయొద్దు, దాని కథ ఊహించాలి. 24.93 వచ్చింది. ఆ చోట బేరింగ్ గుర్తు ఉంది. అయితే అది అరిగిన 25 కె6, 24.93 కాదు. అరగని చోటు వెతికి, అంటే బేరింగ్ ఆనని ఆ చివరి మూడు మిల్లీమీటర్లలో, కొలిచి సరిచూసుకోవాలి. థ్రెడ్ బయటి డయా 15.8 వచ్చిందంటే ఎం16 అని రాసేయొద్దు. 5/8 అంగుళం బీఎస్‌డబ్ల్యూ (పాత బ్రిటిష్ థ్రెడ్) కూడా 15.875. పాత ప్రాగా, హెచ్ఎంటీ మెషీన్లున్న షెడ్లలో రెండు రకాల నట్లూ ఒకే డబ్బాలో ఉంటాయి. పిచ్ గేజ్ పెట్టాలి: ఎం16 మామూలు పిచ్ 2, ఫైన్ 1.5, బీఎస్‌డబ్ల్యూకి అంగుళానికి 11 పళ్లు, అంటే 2.309. కోణం కూడా వేరు, 60కి బదులు 55. నట్టు రెండు చుట్లు ఎక్కి ఆగిందంటే ఇదే కారణం. సూత్‌లలో మాట్లాడే ఫ్యాబ్రికేషన్ మేస్త్రీ కొలత చెబితే, ఒక సూత్ అంటే 3.175 అని మార్చి రాసుకోవాలి, 3 అని కాదు.

క్యాడ్‌లోకి

ఆటోక్యాడ్ అయితే మొదట చూడాల్సింది టెంప్లేట్: అక్యాడ్‌ఐఎస్‌ఓ తెరిస్తే మిల్లీమీటర్లు, ఉత్త అక్యాడ్ తెరిస్తే అంగుళాలు. సాలిడ్‌వర్క్స్ అయితే షీట్ ప్రాపర్టీస్‌లో ఫస్ట్ యాంగిల్ పెట్టి ఉందో లేదో. డబ్బు పెట్టకుండా నేర్చుకోవాలంటే ఫ్రీక్యాడ్ ఉంది, మన షాఫ్ట్‌కు అది చాలు.

షాఫ్ట్‌ను సగం ప్రొఫైల్ స్కెచ్ గీసి అక్షం చుట్టూ రివాల్వ్ చేయడం సులువు. కొలతలు అన్నీ కట్టేశాక స్కెచ్ రంగు మారుతుంది: సాలిడ్‌వర్క్స్‌లో నీలం నుంచి నలుపు, ఫ్రీక్యాడ్‌లో ఆకుపచ్చ. రంగు మారలేదంటే ఎక్కడో ఒక గీత గాల్లో ఉంది. చాంఫర్లు (ఏటవాలు అంచులు), ఫిల్లెట్లు (గుండ్రపు మూలలు) స్కెచ్‌లో గీయకుండా తర్వాత ఫీచర్లుగా వేయాలి, రేపు 0.8 బదులు 0.6 అంటే ఒక్క చోట మారిస్తే పోతుంది. థ్రెడ్‌కు పళ్లు చెక్కొద్దు, గుర్తుగా చూపించే కాస్మెటిక్ థ్రెడ్ చాలు. కానీ ఎం16 పళ్లు 20 మెట్టు భుజం దాకా పోలేవు, టూలు బయటికి రావడానికి చోటు కావాలి. ఆ మూలలో 13.7 డయాకు 4 వెడల్పు గ్రూవ్ పెట్టాలి, లేకపోతే నట్టు పుల్లీకి ఆనకముందే ఆగిపోతుంది.

క్యాడ్‌లో క్షమించరాని పాపం ఒకటుంది. బొమ్మలో పొడవు 69.4 ఉంది, కొలత 70 కావాలి. బొమ్మ సరిచేయకుండా కొలత అక్షరాల మీద నొక్కి 70 అని టైపు చేస్తారు. ప్రింటు బాగానే ఉంటుంది. ఆ ఫైలే లేజర్ కటింగ్‌కో క్యామ్‌కో (మెషీన్ ప్రోగ్రాం తయారుచేసే సాఫ్ట్‌వేర్) వెళితే మెషీన్ అక్షరాలు చదవదు, గీతలు చదువుతుంది. 69.4 కోస్తుంది.

ఇదే మాట మొదటి పేరాకు తిరిగి తెస్తుంది. క్యామ్‌లో ప్రోగ్రాం చేసేవాడు మోడల్ జామెట్రీ తీసుకుంటాడు. మోడల్‌లో బేరింగ్ సీటు 25.000 అని గీస్తే టూల్‌పాత్ 25.000కే వస్తుంది, అది హద్దు బయట. మెషినింగ్‌కు పంపే మోడల్‌లో టాలరెన్స్ ఉన్న కొలతలను మధ్యకు జరపాలి: 25 కె6 అయితే 25.0085, 20 హెచ్6 అయితే 19.9935. లేదా ప్రోగ్రాంలోనే ఆ అంకెలు వేయాలి. ఎవరు జరుపుతున్నారో ముందే మాట్లాడుకోకపోతే ఇద్దరూ జరుపుతారు, లేదా ఇద్దరూ జరపరు.

ప్లేటు పనులకు డీఎక్స్‌ఎఫ్ (గీతలు పంపే ఫైలు) పంపేటప్పుడు మూడు చూడాలి. యూనిట్లు: మిల్లీమీటర్ ఫైలును అవతలివాడి సాఫ్ట్‌వేర్ అంగుళాలుగా తీసుకుంటే 100 కాస్తా 2540. ఒకదాని మీద ఒకటి పడిన గీతలు: లేజర్ అదే దారిలో రెండుసార్లు కాలుస్తుంది, అంచు కరుగుతుంది, ఆటోక్యాడ్‌లో ఓవర్‌కిల్ కమాండ్ వీటిని తీసేస్తుంది. మూసుకోని కాంటూర్: మూలలో 0.01 ఖాళీ ఉన్నా ప్రొఫైల్ కట్ కాదు. కొలతలు, టైటిల్ బ్లాక్, సెంటర్ లైన్లు అన్నీ తీసేసి కోసే గీతలు మాత్రమే పంపాలి.

క్యాడ్ నుంచి పీడీఎఫ్ తీశాక, జాబు మీద చేయి పెట్టకముందు ఒక పని మిగిలింది. ఈ షాఫ్ట్ గురించి ఏమీ తెలియని టర్నర్‌కు ప్రింటు ఇచ్చి, నోరు మూసుకుని పక్కన నిలబడాలి. అతను అడిగే ప్రతి ప్రశ్నా డ్రాయింగ్‌లో ఉన్న ఖాళీ. బార్ ఎంత సైజు తీసుకోవాలి అంటాడు. 35 డయా, 168 పొడవు సరిపోతుంది. హార్డెనింగ్ ఉందా అంటాడు. పదునైన అంచులు ఎంత కొట్టాలి అంటాడు. చివరికి రెండు చివరల్లో సెంటర్ హోల్స్ చూపించి, ఇవి అలాగే ఉండొచ్చా, తీసేయాలా అని అడుగుతాడు. చాలా డ్రాయింగుల్లో ఆ మాట ఉండదు. రనౌట్ చూడాలన్నా, రేపు సీటు మళ్లీ గ్రైండ్ చేయాలన్నా అవి కావాలి కాబట్టి ఉండొచ్చని జవాబు. దాన్ని నోటికి చెప్పి వదిలేయకుండా నోట్స్‌లో ఒక లైనుగా రాయాలి. రివిజన్ అక్షరం మార్చి, అతని చేతిలో ఉన్న పాత ప్రింటు తీసుకుని చింపేయాలి.